మెదడు గడ్డ నయమైన పిల్లలకు ఏటేటా చేయించవలసిన పరీక్షలు

నా మేనల్లుడికి చిన్నమెదడులో మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ వచ్చి, హైదరాబాదులో ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ పూర్తయి కొన్నేళ్లయింది. "జబ్బు తగ్గింది కదా, ఇంకా పట్నం ఎందుకు తిరుగుతున్నరు?" అని దేవరకొండ దగ్గరి మా ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. ఇలాంటి పిల్లలున్న మన నల్గొండ జిల్లా కుటుంబాల కోసం ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

గడ్డ మళ్లీ రాలేదని ఎం.ఆర్.ఐ.లో తేలడం ఒక సంగతి, దాన్ని పోగొట్టిన చికిత్స ఎదిగే ఒంట్లో ఏం చేసిందన్నది వేరే సంగతి. ఈ జబ్బుకు సాధారణంగా తలతో పాటు వెన్నెముక అంతటికీ రేడియేషన్ ఇస్తారు. అది మెదడు అడుగున ఉండి ఒంట్లోని హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథికీ తగులుతుంది కాబట్టి ఎదుగుదల హార్మోను తగ్గడం, థైరాయిడ్ మందగించడం ఏళ్లు గడిచాక కూడా బయటపడవచ్చు. వెన్నెముక సరిగా ఎదగక నడుము పైభాగం పొట్టిగా ఉండిపోవచ్చు గనుక నిలబడినప్పటి ఎత్తుతో పాటు కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలిపించాలి. థైరాయిడ్ పరీక్షలో టి.ఎస్.హెచ్. (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోను) ఒక్కటే చూసి ఊరుకోకూడదు; లోపం పిట్యూటరీలో ఉంటే టి.ఎస్.హెచ్. మామూలుగానే కనిపించవచ్చు, కాబట్టి థైరాయిడ్ సొంత హార్మోనును కొలిచే ఫ్రీ టి4 కూడా చేయించాలని అడగండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది బడి సంగతి. కీమోథెరపీలో ఇచ్చే సిస్‌ప్లాటిన్ మందు వల్ల ముందుగా సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులు వినిపించకుండా పోతాయి. పిలిస్తే పలికే పిల్లవాడికే స, ష వంటి అక్షరాలు తెలియక డిక్టేషన్ తప్పుతుంది. రేడియేషన్ వల్ల ఆలోచనలో వేగం, జ్ఞాపకశక్తి తగ్గితే, తెలివి ఉండి కూడా పరీక్ష సమయానికి పూర్తిచేయలేడు. ఆ పిల్లవాడిని సోమరి అనడం అన్యాయం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో వినికిడి లోపం, అభ్యసన వైకల్యం రెండూ ఉన్నాయి. అర్హత ఉంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం తీసుకుని పరీక్షలో అదనపు సమయం కోరవచ్చు.

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి, చికిత్స ముగిసిన పిల్లల కోసమే 1991లో ప్రత్యేక క్లినిక్ ప్రారంభించింది. మనకు అంత దూరం కుదరకపోవచ్చు గానీ, ఎత్తు కొలవడం, రక్తపరీక్ష వంటివి జిల్లాలోనే జరగాలని నా గట్టి అభిప్రాయం. అందుకు ఒక కాగితం తప్పనిసరి: ఏ మందు మొత్తం ఎంత ఇచ్చారో, రేడియేషన్ ఏ భాగానికి ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చారో, ఆపరేషన్ ఎప్పుడు జరిగిందో రాసిన చికిత్స సారాంశం. చికిత్స ముగిసిన వెంటనే దాన్ని అడిగి తీసుకుని, నకళ్లు తీయించి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందుగా చూపించండి. రేడియేషన్ తగిలిన చోట పదేళ్లు, ఇరవై ఏళ్ల తర్వాత కొత్త గడ్డ వచ్చే అవకాశం కొందరిలో ఉంటుంది కాబట్టి, పిల్లవాడు పెద్దవాడయ్యాక ఆ కాగితాన్ని అతని చేతికిచ్చి, అందులో ఏముందో వివరంగా చెప్పాలి.