నట్టల మందు తాపినా నట్టలు పోని మంద

మొదటిసారి తెచ్చిన 30 గొర్రె పెంటికల శాంపిళ్లనూ పారబోయాల్సి వచ్చింది. ఆ ఊళ్లో ఐసు దొరకలేదు. బస్సు ఆలస్యమైంది. పెంటికల కవర్లున్న డబ్బా రాత్రంతా నా గదిలోనే ఉండిపోయింది. మరునాడు మధ్యాహ్నం మైక్రోస్కోపు కింద చూస్తే నట్టల, అంటే కడుపు పురుగుల, గుడ్లలో పిల్లపురుగులు మెలికలు తిరుగుతున్నాయి. కొన్ని గుడ్లు పగిలి ఖాళీ అయిపోయాయి. గ్రాము పేడలో ఎన్ని గుడ్లున్నాయో లెక్కించడమే నా పని. అవి పొదిగిపోయాక ఇక లెక్క ఎక్కడిది?

పశువైద్యంలో పీజీ చేస్తున్నప్పటి సంగతిది. పాలమూరు వైపు గొర్రెల మందల్లో ఆల్బెండజోల్ అనే నట్టల మందు ఇంకా పనిచేస్తోందా లేదా అన్నది నా థీసిస్. నేను వెతుకుతున్న పురుగు పేరు హీమాంకస్ కాంటార్టస్. గొర్రె నాలుగో పొట్టలో గోడకు కరుచుకుని రక్తం తాగుతుంది. ఆడపురుగును పెట్రీ డిష్‌లో వేసి చూస్తే, రక్తం నిండిన ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి అండాశయాలు తాడులా పేనుకుని కనిపిస్తాయి. అది రోజుకు 5,000కు పైగా గుడ్లు పెట్టగలదు. ఒక్కో పురుగు రోజుకు తాగేది దాదాపు 0.05 మిల్లీలీటరు రక్తమే. పొట్టలో వెయ్యి పురుగులుంటే మాత్రం రోజుకు 50 మిల్లీలీటర్లు పోతుంది. 30 కిలోల జీవం అన్ని రోజులు ఎలా తట్టుకుంటుంది?

మంద కాసే తాత మొదటిరోజే చెప్పాడు: "ఏడాదికి మూడుసార్లు నట్టల మందు తాపుతున్న బిడ్డా. అయినా గొంతు కింద నీళ్ల సంచి దిగుతనే ఉన్నది." రక్తంలో ప్రోటీన్ పడిపోయి దవడ కింద నీరు చేరడాన్నే ఆయన అలా అన్నాడు. నేను పుస్తకంలో చదివిందాన్ని ఆయన ఎన్నో ఏళ్లుగా కళ్లారా చూస్తున్నాడు.

పరీక్ష పద్ధతి పైకి తేలికే. మందు తాపేముందు గుడ్లు లెక్కపెట్టాలి, 14 రోజుల తర్వాత మళ్లీ అవే గొర్రెల్లో లెక్కపెట్టాలి. మందు పనిచేస్తుంటే 95 శాతానికి పైగా తగ్గాలి. పోల్చి చూసుకోవడానికి మాత్రం కొన్ని గొర్రెలకు అసలు మందు తాపకూడదు. ఆ మాట అనగానే తాత లేచి నిలబడ్డాడు. "నీ లెక్క కోసం నా గొర్రె సావాల్నా?" నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా ఆలోచించి, మర్నాడు ప్రతి గొర్రె కింది కనురెప్ప లాగి రంగు చూశాను. రెప్ప రంగును బట్టి రక్తం ఎంత తగ్గిందో చెప్పే, దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా కార్డు ఉండేది నా దగ్గర. ఎర్రటి రెప్ప నుంచి తెల్లబోయిన రెప్ప దాకా అందులో అయిదు రంగులుంటాయి. పాలిపోయిన వాటిని పరీక్షలోంచి తీసేసి అప్పటికప్పుడు వైద్యం చేశాం. రెప్పలు ఎర్రగా ఉన్నవాటినే మందు తాపకుండా ఉంచాం. తాత ఒప్పుకున్నాడు. ఇప్పటికీ నా థీసిస్‌లో నాకు నచ్చిన నిర్ణయం అదే.

కాటా దగ్గర ఇంకో విషయం బయటపడింది. గోనెపట్టాలో గొర్రెను వేలాడదీసి తూస్తుంటే తాత ఆశ్చర్యపోయాడు. 22 కిలోలుంటుందని ఆయన అనుకున్నది 31 తూగింది. అప్పటిదాకా చిన్నదానికీ పెద్దదానికీ ఒకే మూతెడు పోస్తున్నాడు. కిలోకు 7.5 మిల్లీగ్రాముల లెక్కన, 2.5 శాతం మందు 30 కిలోల గొర్రెకు 9 మిల్లీలీటర్లు పడాలి. తక్కువ పోస్తే బలహీనమైన పురుగులు చచ్చి, మందును తట్టుకున్నవి మిగులుతాయి. వాటి సంతానమే మేతలోకి వస్తుంది.

పన్నెండో రోజు ఫోన్ చేస్తే మంద ఊళ్లో లేదు. వరి కోతలయ్యాక ఎరువు కోసం పొలంలో మంద పెట్టమని రైతు పిలిస్తే 30 కిలోమీటర్ల అవతలికి తోలుకుపోయారు. "నీ పోగుల గొర్లన్నీ ఉన్నయ్, రా," అన్నాడు తాత. రెండు బస్సులు మారి, చీకటి పడుతుండగా చేరాను. టార్చిలైటు వెలుగులో చెవిపోగుల నంబర్లు చూస్తూ, ఒక్కో గొర్రెకు గ్లౌజు వేలితో నేరుగా పెంటికలు తీశాను. నేల మీదవి ఏరితే ఏది దేనిదో తెలియదు. కవర్లోంచి గాలి తీసి ముడివేసి, ఈసారి ఐసు నింపిన డబ్బాలో పెట్టాను.

ల్యాబులో ఒక్కో శాంపిల్ నుంచి 3 గ్రాములు తూచి, 42 మిల్లీలీటర్ల చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి వడకట్టి, గుడ్లు లెక్కించడానికి గడులుండే మెక్‌మాస్టర్ స్లైడులోకి ఎక్కించాలి. గుడ్లు పైకి తేలతాయి. రెండు గడుల్లో లెక్కించి 50తో హెచ్చించాలి. 17వ నంబరు గొర్రెకు మందుకు ముందు 2,400 వచ్చింది. బరువు తూచి సరిగ్గా పోసిన మందు తర్వాత 1,650. నమ్మలేక ఇంకో స్లైడు చేశాను. అంతే వచ్చింది. ఆ రాత్రి మందు తాపిన గుంపు మొత్తం అలాగే తేలింది.

గుడ్డును చూసి అది ఏ పురుగుదో చెప్పలేం. అందుకే పెంటికల్ని 27 డిగ్రీల దగ్గర వారం రోజులు ఉంచి, పిల్లపురుగుల్ని వేరుచేసి చూశాం. తోక దగ్గర పొర వంకర తిరిగినవే ఎక్కువ, అంటే హీమాంకస్. జన్యు పరీక్షలోనూ, పురుగులో మందు అతుక్కునే ప్రోటీన్ అయిన బీటా ట్యూబులిన్ జన్యువు 200వ స్థానంలో మార్పు కనిపించింది. ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట టైరోసిన్ అనే ఇంకోటి ఉంది. అలా మారితే మందు అక్కడ సరిగ్గా అతుక్కోదు.

తాతకు ఇది చెప్పడానికి వెళ్తున్నప్పుడు ఆయన తనను తాను నిందించుకుంటాడేమోనని భయపడ్డాను. అందుకే ముందు వేరే సంగతి చెప్పాను. ఈ రకం మందుల్లో మొదటిది థయాబెండజోల్ 1961లో అమ్మకానికి వచ్చింది. 1964 కల్లా ఇదే పురుగు దాన్ని తట్టుకున్నట్టు రాశారు. మూడేళ్లు! కాటాలున్న దేశాల్లోనే అలా జరిగింది. మూత కొలత ఒక్కదాని వల్లే ఇదంతా జరగలేదు.

తర్వాత లెవామిసోల్ అనే వేరే రకం మందు ఇచ్చాం. మోతాదు మించితే గొర్రెకే ప్రమాదం కనుక కాటా రెండుసార్లు చూశాను. 17వ నంబరు స్లైడులో రెండు గడులూ ఖాళీ. ఇక నుంచి మందంతటికీ ఒకేసారి తాపొద్దని, రెప్ప పాలిపోయిన వాటికే తాపమని, కార్డు తాతకిచ్చి వచ్చాను. తాపని వాటిలో మందుకు లొంగే పురుగులు మిగిలుంటే, మొండి పురుగులు అంత తొందరగా మందనంతా ఆక్రమించవు.

సంక్రాంతి తర్వాత వెళ్తే కార్డు ప్లాస్టిక్ కవర్లో, ఆయన చొక్కా జేబులో ఉంది. ఒక మేకను లాక్కొచ్చి రెప్ప విప్పి చూపించాడు. తెల్లగా ఉంది. "దీనికి గొర్రె లెక్కనే పోయాల్నా బిడ్డా?" వద్దన్నాను. మేక ఒంట్లో మందు తొందరగా కరిగిపోతుంది, గొర్రె మోతాదు చాలదు. మేకలు నా థీసిస్‌లో లేవు. గోనెపట్టా తెమ్మన్నాను, ఇద్దరం కలిసి దాన్ని కాటాకు ఎత్తాం.