లంకల్లో నార గంజాయి: విత్తనం కంటే ముందు పరిశోధన

యూరప్ నార గంజాయి (మత్తు కోసం కాక నార కోసం పెంచే గంజాయి రకం, హెంప్) విత్తనం తెచ్చి గోదావరి లంకలో చల్లితే ఏమవుతుందో ముందే చెప్పొచ్చు. నిండుగా ఎదగకముందే పూత పట్టేస్తుంది, పనికొచ్చే పొడవు నార రాదు. లోపం మట్టిలో లేదు, పగటిలో ఉంది. ఆ మొక్క పగటి పొడవును బట్టి పూస్తుంది. అక్కడి నార రకాలు చాలావరకు పగలు 14 గంటల కంటే తగ్గితే పూతకు తిరుగుతాయి. అమలాపురంలో జూన్‌లో వచ్చే అతి పొడవైన పగలే సుమారు 13 గంటలు, డిసెంబరులో అయితే 11 గంటల పైచిలుకు. వాటి లెక్కలో మనకు ఏడాదంతా పూతకాలమే.

ఈ సంగతి విత్తనాలు అమ్ముకునేవాడు చెప్పడు. అందుకే దీని మీద పరిశోధన ప్రజాధనంతోనే జరగాలని గట్టిగా అంటున్నాను.

ముందు చట్టం. 1985 మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచడం నేరం. 20వ సెక్షన్ కింద పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. నార కోసమో విత్తనం కోసమో అయితే ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వుతో అనుమతించే వీలు 14వ సెక్షన్‌లో ఉంది. ఉత్తరాఖండ్ 2018లో ఆ దారి పట్టింది. హిమాచల్ ప్రభుత్వం 2025 జనవరిలో ప్రయోగాత్మక అధ్యయనాన్ని తన వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. అది సరైన వరస: ముందు విశ్వవిద్యాలయం, తర్వాత రైతు. కాబట్టి కింద రాసిందంతా అనుమతి ఉన్న పరిశోధన క్షేత్రం గురించే. సొంత చేలో ఎవరూ ప్రయత్నించకూడదు.

డెల్టాకు ఈ వరస కొత్త కాదు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925లో పెట్టారు, అక్కడినుంచి స్వర్ణ వచ్చింది 1982లో. రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ మొదలైంది. పొగాకుకు అంత చేసినవాళ్లం నార పంటకు అర ఎకరం మడి ఇవ్వలేమా?

బయటి అనుభవం ఒకటి చూడాలి. కాలిఫోర్నియా 2016 ప్రజాభిప్రాయ సేకరణలో గంజాయిని చట్టబద్ధం చేస్తూనే, పన్ను రాబడిలోంచి 2018-19 నుంచి 2028-29 వరకు ఏటా కోటి డాలర్లు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిశోధనకు రాసిపెట్టింది. అక్కడ పండించేది మత్తు పూవు, మన సంగతి వేరు. కానీ ఆరుబయట సాగుకు నీళ్లెక్కడివి, వాగులకు ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జవాబులు అలాంటి సొమ్ముతోనే వస్తున్నాయి. గదుల్లో దీపాల కింద పెంచితే కిలో ఎండు పూవుకు 2,283 నుంచి 5,184 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వస్తాయని 2021లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. ఎండకు కొదవలేని మనకు ఆరుబయట తప్ప వేరే సాగు ఆలోచనే అక్కర్లేదు.

మన దగ్గర మొదటి ప్రశ్న ఎప్పుడు విత్తాలన్నది. సార్వా (వానాకాలపు వరి) చేలు పనికిరావు. లేత మొక్క వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే పసుపెక్కి చచ్చిపోతుంది. లంకల ఇసుక ఒండ్రు నేల నీటిని త్వరగా దించేస్తుంది గానీ వరద పోయేదాకా ఆగాలి. అందుకే మూడు తేదీలు పరీక్షించాలి: అక్టోబరు చివర, డిసెంబరు మధ్య, ఫిబ్రవరి మధ్య. నా ఆశ ఫిబ్రవరి మీదే. పగలు పెరుగుతూ ఉంటుంది, నూరు రోజుల పంట మే ఆఖరుకు, వరదకు ముందే కోతకొస్తుంది. కాలువలు కట్టేసే వేసవిలో తడి మాత్రం బోరు నుంచో ఏటి నుంచో ఎత్తిపోయాలి. ఆ నీటిని మీటరు పెట్టి కొలవాలి.

రకాలు మూడు: ఉత్తరాఖండ్ కొండ రకం, థాయ్‌లాండ్ ప్రభుత్వ సంస్థలు తీర్చిన ఆర్‌పీఎఫ్ రకాల్లో ఒకటి, పోలికకు యూరప్ రకం. మూడు తేదీలు, మూడు రకాలు, నాలుగేసి సార్లు: 36 మళ్లు. ఒక్కోటి 5 మీటర్లు, 4 మీటర్లు. మళ్లు మొత్తం 18 సెంట్లే, గట్లు, దారులు, కంచె కలిపితే అర ఎకరంలో సరిపోతుంది. సాళ్ల మధ్య 20 సెంటీమీటర్లు, లోతు 2 నుంచి 3. హెక్టారుకు 50 కిలోల లెక్కన మడికి 100 గ్రాముల విత్తనం. నూనె గింజ కాబట్టి మన ఉక్కకు మొలక శక్తి త్వరగా పోతుంది. గాలి చొరని డబ్బాలో చల్లని చోట దాచి, విత్తే ముందు నూరు గింజలు తడిగుడ్డలో మొలకెత్తించి చూడాలి. విత్తాక వాన పడి పైపొర అట్టకడితే మొలక పైకి రాదు, మళ్లీ విత్తాల్సిందే.

పక్కన జనుము, గోగు మళ్లు తప్పనిసరి. మనకు బాగా తెలిసిన ఈ రెండూ తక్కువ ఖర్చులో, ఏ చట్టం చిక్కూ లేకుండా అంతే నార ఇస్తే నార గంజాయిని పక్కన పెట్టేయాలి. ఆ మాట నిర్భయంగా చెప్పగలిగేది ప్రభుత్వ శాస్త్రవేత్తే.

రెండో ప్రశ్న మత్తు పదార్థం, టీహెచ్‌సీ. ఉత్తరాఖండ్ పెట్టిన గీత 0.3 శాతం. ఆడ మొక్కల కొసలు కోసి ఆరబెట్టి పరీక్షించాలి. పచ్చి మొక్కలో అది ఎక్కువగా ఆమ్ల రూపంలో ఉంటుంది కాబట్టి ఆమ్లాన్ని 0.877తో గుణించి, ఉన్న టీహెచ్‌సీకి కలపాలి. ఆమ్లం 0.32, టీహెచ్‌సీ 0.04 అనుకోండి. మొత్తం 0.32: గీత దాటింది, పంట తగలబెట్టాల్సిందే. రెండో అంకె ఒక్కటే చూసినవాడు మోసపోతాడు. పూత ముదిరేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. అందుకే మొదటి ప్రయోగాలు నారకే పరిమితం చేసి, మగపూత విచ్చుకునేటప్పుడే కోసేయాలి. విత్తన పంట తర్వాత చూసుకోవచ్చు.

మూడోది, నన్ను ఎక్కువ భయపెట్టేది, నార ఊరబెట్టడం. కట్టెకు ఇరవై రెట్లు నీళ్లు, అంటే టన్నుకు 20,000 లీటర్లు. ఊరిన నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది, చేపలు తేలిపోతాయి. మన కాలువ నీళ్లే ఊళ్ల మంచినీళ్ల చెరువులకు వెళతాయి. కాబట్టి కాలువలో ఒక్క కట్ట కూడా వేయకూడదు. టార్పాలిన్ పరిచిన గుంటలోనే నానేయాలి, వాడిన నీళ్లు చేలకు పారించాలి. బారక్‌పూర్ జనుప నార పరిశోధన సంస్థ జనుపకూ గోగుకూ తయారుచేసిన సూక్ష్మజీవుల పొడి దీనికి పనిచేస్తుందేమో అక్కడే పరీక్షించాలి. ఏడో రోజు నుంచి రోజూ మొదలు దగ్గర ఒక కాడ ఒలిచి చూడాలి. ముందే తీస్తే బెరడు అంటుకుని వస్తుంది, ఆలస్యమైతే నార కుళ్లి తెగుతుంది.

ఇక డబ్బు. ఇలాంటి పనికి ఒక ఏడాది గ్రాంటు ఇచ్చి చేతులు దులుపుకుంటే దండగ. వరద ఏటా ఒకేలా రాదు, కనీసం మూడు సీజన్లు చూడాలి. మన పగటికి సరిపోయే రకం తీయాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది. అర్థరాత్రి కాపలా, కంచె, టీహెచ్‌సీ పరీక్ష యంత్రం, అది నడిపే రసాయన శాస్త్రవేత్త జీతం మొదటి బడ్జెట్లోనే ఉండాలి. పోయిన మళ్ల లెక్కలు కూడా తెలుగులో అచ్చువేసి రైతు సేవా కేంద్రాల గోడలకు అంటించాలి. ఏ మడి ఎందుకు చచ్చిందో రైతుకు తెలిస్తే, రేపు ఎవడో విత్తనం సంచితో వచ్చినప్పుడు ఏం అడగాలో అతనికే తెలుస్తుంది.