ఒకే పళ్లెంలో నీళ్లు

అపొస్తలుల పేర్లు వచ్చే చోట మనం గబగబా చదివి దాటేస్తాం. ఒకసారి లూకా 6:15 దగ్గర ఆగండి. మత్తయి, తోమా, అల్ఫయి కుమారుడైన యాకోబు, ఆ తర్వాత "జెలోతే అనబడిన సీమోను". పన్ను వసూలు చేసే సుంకరి మత్తయీ, జెలోతే సీమోనూ ఒకే వచనంలో!

జెలోతే అంటే ఆసక్తిపరుడు. ఆ పేరుతో రోమా ఏలుబడిని ఎదిరించే వర్గం ఒకటి అప్పటికే ఏర్పడిందా లేదా అని పండితులు వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. ఆ గడ్డ మీద పన్ను అనే మాట ఎంత మంట రేపేదో మాత్రం మనకు తెలుసు. క్రీ.శ. 6లో రోమీయులు పన్ను కోసం జనసంఖ్య రాసినప్పుడు గలిలయుడైన యూదా తిరగబడ్డాడు. అపొస్తలుల కార్యములు 5:37లో ధర్మశాస్త్ర బోధకుడు గమలీయేలు ఎత్తిన సంగతి అదే. అలాంటి చోట సుంకపు మెట్టు దగ్గర కూర్చుని సొంతవారి దగ్గరే పన్ను వసూలు చేసినవాడు మత్తయి. మొదటి వారంలో సీమోను అతని పక్కన కూర్చుని రొట్టె తిన్నాడా అని నాకు అనుమానమే.

నన్ను ఎక్కువగా కదిలించేది ఇంకొకటి. ప్రభువు ఆరోహణమయ్యాక మేడగదిలో ఉన్నవారి పేర్లు రాస్తూ లూకా మళ్లీ జెలోతే అనే అన్నాడు (అపొస్తలుల కార్యములు 1:13). మరో సీమోను పేతురయ్యాడు. ఈ సీమోను మాత్రం చివరిదాకా జెలోతేయే. మత్తయి కూడా తన సువార్తలో అపొస్తలుల పేర్లు రాసేటప్పుడు తన పేరు పక్కన సుంకరి అన్న మాటను దాచుకోలేదు. మేడగది పేర్ల తర్వాతి వచనంలోనే వీరందరూ "ఏకమనస్సుతో" ప్రార్థించారు. ఏకమనస్సు అంటే ఏకాభిప్రాయం అని మనకు ఎవరు చెప్పారు?

రాజకీయాలు లోకసంబంధమైనవి, విశ్వాసికెందుకు అనేవారితో నాకు పేచీ ఉంది. పాదరక్షలకై బీదవారిని అమ్మేవారిని చూసి ఆమోసు ప్రవక్త నోరు మూసుకోలేదు. అన్యాయాన్ని అన్యాయమనే చెప్పాలి, ఓటు మనస్సాక్షితో వేయాలి. నా బాధ వేరు. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకున్న చేత్తోనే సోమవారం ఫోనులో సాటి సహోదరుణ్ని ద్రోహి అని రాస్తున్నాం. అదేమని అడిగితే సత్యం కోసం అంటాం.

రాసినవారిలో నేనూ ఉన్నాను. ఒక ఎన్నికల సమయంలో మా సంఘంలోని ఒక పెద్దాయన అభిమానించే నాయకుణ్ని వెక్కిరిస్తూ, ఆయనా ఉన్న గుంపులో నాలుగు వాక్యాలు పెట్టాను. చాలామంది నవ్వారు. ఆయన ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకుని మా వరుసకు వచ్చింది ఆయనే. వయసు వల్ల చేయి కొద్దిగా వణుకుతోంది. నాకు అందేలా పళ్లెం కాస్త వంచి, ఎప్పటిలాగే పేరు పెట్టి పిలిచారు. ఆ ముక్క నమలడానికి నాకు చాలాసేపు పట్టింది.

1 తిమోతి 2లో రాజుల కొరకు, అధికారులందరి కొరకు ప్రార్థించమన్నాడు పౌలు. ఆనాటి రాజులేమీ ప్రభువును ఎరిగినవారు కారు. మనకు నచ్చిన నాయకుడి కోసం కన్నీళ్లతో ప్రార్థించి, నచ్చనివాడి వంతు వచ్చేసరికి "అధికారులందరి కొరకు" అని ఒక్క మాటలో చుట్టేస్తాం. పేరు పెట్టి ప్రార్థించి చూడండి. దవడలు బిగుసుకుంటాయి. బిగుసుకున్నా సరే, ఆ పేరు పలకండి.

ఇక యోహాను 13. ప్రభువు పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగాడు. సుంకపు మెట్టు విడిచి వచ్చిన పాదాలూ, జెలోతే పాదాలూ ఆ నీళ్లలోనే. "మీరును ఒకరి పాదములను ఒకరు కడుగవలసినదే" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు మత్తయి ఎవరివైపు చూసి ఉంటాడో!

వచ్చే ఆదివారం మాకు ప్రభువు బల్ల ఉంది. ఆ పెద్దాయనకు నేను ఇంతవరకు క్షమాపణ చెప్పుకోలేదు. ఆయన నంబరు నా దగ్గరే ఉంది.