ఇండియానా ఫుట్‌బాల్ టీమ్ 2024 సీజన్ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది

అమెరికాలో మా యూనివర్సిటీ ఉన్న ఊరు బ్లూమింగ్టన్‌లో అందరి ప్రాణం బాస్కెట్‌బాల్ మీదే, అమెరికన్ ఫుట్‌బాల్ మీద ఎవరికీ పెద్ద ఆశలుండేవి కావు. 2023లో మా ఇండియానా యూనివర్సిటీ టీమ్ 12 మ్యాచ్‌లాడి 3 మాత్రమే గెలిచింది మరి. తర్వాత కోచ్‌గా కర్ట్ సిగ్నెటీ వచ్చాడు, జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో తన దగ్గర ఆడిన కుర్రాళ్లని చాలామందిని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు, ఇంక చూడండి, వరసగా 10 గెలుపులు! నవంబర్ 9న మిషిగన్ మీద 20-15తో గట్టెక్కేదాకా ఎంత టెన్షన్ పడ్డామో. ఒకే సీజన్‌లో 10 మ్యాచ్‌లు గెలవడం ఈ టీమ్ చరిత్రలో అదే మొదటిసారి.

ఒహాయో స్టేట్ మీద 38-15తో ఓడిపోయాం, బాధేసింది. కానీ వారానికే పాత ప్రత్యర్థి పర్డ్యూని 66-0తో చిత్తుచేశారు. అబ్బ, ఆ రాత్రి!

జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌లో నోటర్ డామ్ యూనివర్సిటీ 27-17తో మమ్మల్ని ఆపేసింది. బంతి విసిరి ఆట నడిపించే మా క్వార్టర్‌బ్యాక్ కర్టిస్ రూర్క్ మోకాలి లిగమెంట్ తెగి ఉండగానే సీజనంతా ఆడాడని తర్వాత తెలిసి కళ్లు చెమర్చాయి. నోటర్ డామ్ చేతిలో ఆ ఒక్క ఓటమి పట్టుకుని వీళ్లు ప్లేఆఫ్‌కి తగరు అన్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.