సలాడ్ మీదికి ఏది బాగుంటుంది? మా శ్రీకాకుళం వంటింట్లో చూసినవి

మా ఆయన రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని ఒకరకం కొవ్వు, ఎక్కువ వచ్చాయి. రాత్రిపూట అన్నం తగ్గించి పచ్చి కూరగాయలు తినమన్నారు డాక్టరుగారు. చెప్పడానికేం, తినేవాళ్ళుండాలిగా. కీరదోస, క్యారెట్, క్యాబేజీ తరిగి ఉప్పూ నిమ్మరసం చల్లి పెడితే "ఇదేం భోజనమే?" అని ప్లేటు జరిపేసేవారు.

సూపర్‌మార్కెట్లో సలాడ్ మీద పోసుకునే డ్రెస్సింగ్, థౌజండ్ ఐలాండ్ అనేది, సీసా ఒకటి తెచ్చాను. లొట్టలేసుకుంటూ తిన్నారు. తర్వాత తీరిగ్గా లేబుల్ చదివాను. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాస్తారు కదా, నూనె, పంచదార ముందు వరసలోనే ఉన్నాయి. సీసా పక్కన పెట్టి ఇంట్లోనే కలపడం మొదలుపెట్టాను.

ముందు వెనిగ్రెట్. ఫ్రెంచివాళ్ళది. మూడు వంతుల నూనెకి ఒక వంతు వెనిగర్ అనేది వాళ్ళ లెక్క. పులుపు తినే మనకి ఆ పులుపు ఎక్కడ సరిపోతుంది? రెండుకి ఒకటి వేశాను, అదీ నిమ్మరసం. ఆలివ్ నూనె బదులు గానుగ పప్పునూనె, అదే నువ్వులనూనె. ఎంత గిలక్కొట్టినా కాసేపటికి నూనె పైకి తేలిపోతుంది. అలా విడిపోకుండా ఉండటానికే వాళ్ళు అందులో ఆవముద్ద కలుపుతారు. ఆవగింజ పైపొరలోని జిగురు నూనెనీ పులుపునీ పట్టి ఉంచుతుంది.

ఆవ అనగానే మా అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. పనసపొట్టు కూరలో ఆవ పెట్టడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. "చన్నీళ్ళతో నూరి కాసేపు వదిలెయ్యమ్మా, ఘాటు తేలాక నిమ్మకాయ పిండు" అన్నారు. కారణం లేకపోలేదు. నలిగిన ఆవలకి నీళ్ళు తగిలాకే ఘాటు పుడుతుంది, పులుపు ముందే పడితే అది పూర్తిగా రాదు. పాత హార్లిక్స్ సీసాలో అన్నీ వేసి మూత బిగించి కుదిపితే లేత పసుపు రంగులో చిక్కబడి, సన్నగా తరిగిన క్యాబేజీకి అంటుకుంది. అడుగున నీళ్ళు మిగల్లేదు.

సీజర్ డ్రెస్సింగ్ సంగతి వేరు. 1924లో మెక్సికోలోని టిహువానాలో సీజర్ కార్డినీ అనే హోటలాయన మొదలుపెట్టాడని చెబుతారు. గుడ్డు పచ్చసొన, చీజ్, వెల్లుల్లి. చాలాచోట్ల యాంకోవీ అనే చిన్న చేప కూడా పడుతుంది, శాకాహారులు అడిగి తినడం మంచిది. పచ్చిగుడ్డు నాకు భయం. పచ్చిగుడ్డూ నూనే గిలక్కొట్టి చేసే మయొనీస్‌ని తెలంగాణలో 2024లో ఏడాదిపాటు నిషేధించారు కూడా. మనకి జీడిపప్పు పలాస ఉందిగా! జీడిపప్పు ముక్కలు నానబెట్టి వెల్లుల్లి, నిమ్మరసం, మిరియాలతో మెత్తగా రుబ్బితే గుడ్డు లేకుండానే ఆ చిక్కదనం వచ్చేస్తుంది. గుండు పప్పు దండగ, ముక్కలే చవక, ఎలాగూ రుబ్బేదే. రుచిలో మాత్రం అది సీజర్ కాదు, చీజ్ ఉప్పదనం లేదు. అయినా ఉడికించిన శనగలకి నాకిదే నచ్చింది.

రాంచ్ అమెరికావాళ్ళది. మజ్జిగ, మయొనీస్, వెల్లుల్లి, ఆకులు. మయొనీస్ తీసేసి, గుడ్డలో వడగట్టిన పెరుగులో వెల్లుల్లి, కొత్తిమీర కలిపితే మన పెరుగుపచ్చడికి దగ్గర చుట్టమే. కీరదోసకి బాగా నప్పుతుంది. ఉప్పు మాత్రం వడ్డించేముందే, లేకపోతే కీర నీళ్ళు వదిలి అంతా పల్చబడిపోతుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఎక్కువగా ఆవదే. మా ఆయనే "ఇంకాస్త ఘాటుగా ఉండాలోయ్" అంటున్నారు. ఘాటు పెంచుతున్నాను గానీ నూనె పెంచడం లేదు. ఏ నూనైనా ఒక్క టేబుల్ స్పూనుకే దాదాపు 120 కేలరీలు. అందుకే సీసా ఆయన చేతికివ్వకుండా నేనే చెంచాతో కొలిచి పోస్తున్నాను.