వీడవూ రాళ్లలో కయోటీతో ఓ శనివారం

పొద్దున్నే అమ్మ ఫోన్. "ఎక్కడికే బయల్దేరావ్?" అంది. నక్కలాంటి దాన్ని వెంటేసుకుని కొండకెళ్తున్నా అన్నాను. "కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" అని తన కాలం నాటి లెక్క చెప్పి పెట్టేసింది.

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని లారమీ ఊరి నుంచి వీడవూ రాళ్లగుట్టలకి కారులో అరగంట కూడా పట్టదు. నేను, మా వీధి చివరింటి పెద్దావిడ, ఆవిడ కుక్కలు రెండు, ఆవిడ పెంచిన కయోటీ (తోడేలు జాతిదే, దానికన్నా చిన్నగా నక్కలా ఉండే అడవి జంతువు). గొర్రెల మంద దగ్గర తల్లిని కాల్చేశాక, కళ్లు కూడా తెరవని పిల్లని ఓ రైతు తెచ్చి ఈవిడ చేతిలో పెట్టాడట. వయోమింగ్ చట్టంలో కయోటీ 'ప్రెడేటరీ యానిమల్', అంటే వేటాడి తినే జంతువు. జింకని కొట్టాలంటే లైసెన్సూ సీజనూ కావాలి, దీనికి రెండూ అక్కర్లేదు, ఏడాది పొడుగునా కాల్చొచ్చు. అందుకే దాని వీపు మీద ఎప్పుడూ నారింజ రంగు జాకెట్ ఉంటుంది, మెడకి పొడవాటి తాడు. ఆ జాకెట్ చూసి ఎదురొచ్చిన ఒకాయన "ఏ జాతి కుక్కండీ?" అనడిగాడు. ఈవిడ "కలగాపులగం" అనేసి నడిచింది.

టర్టిల్ రాక్ చుట్టూ తిరిగే దారి అది. 140 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, ఎవరో తీరిగ్గా పేర్చినట్టు బండ మీద బండ. ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపెక్కాయి. ఎత్తు 8,000 అడుగుల పైనే, నాకింకా ఆయాసం తగ్గలేదు.

ఇవాళ కొత్త రెయిన్‌కోటు వేసుకెళ్లాను. కుక్కలు పట్టించుకోలేదు. కయోటీ మాత్రం నన్ను చూసి తాడు చివరిదాకా వెనక్కి జరిగి, తోక కాళ్ల మధ్య దోపుకుని నిలబడిపోయింది. ఎన్నాళ్లుగానో చూస్తున్న మనిషినే! కోటు విప్పి సంచిలో కుక్కాక గానీ కదల్లేదు. మచ్చికైంది అంటాం గానీ, అది ఆవిడకి మచ్చిక, నాకు కాదు. ఇంతవరకూ నన్ను ముట్టుకోనివ్వలేదు, నేనూ ప్రయత్నించను.

చెరువు దగ్గర గడ్డిలో ఒక్కసారిగా ఆగింది. తల ఓ పక్కకి వంచి, చెవులు రెండూ ముందుకి తిప్పి, ఊపిరి బిగబట్టినట్టు నిలబడింది. నాకేమీ వినపడలేదు. ఉన్నట్టుండి నాలుగు కాళ్లతో పైకెగిరి, ముందుకాళ్లు కలిపి ముక్కు గడ్డిలోకి దూర్చింది. లేచేసరికి నోట్లో ఎలుక. కుక్కలు పరుగెత్తుకొచ్చి అదే చోట మట్టంతా తవ్విపోశాయి, ఏమీ దొరకలేదు పాపం.

తిండి దగ్గర కూర్చున్నప్పుడు ఉడకబెట్టిన గుడ్డు ఒకటి దాని వైపు దొర్లించాను. తినలేదు. నోట కరుచుకుని ఓ బండ పక్కన గుంట తీసి, పెట్టి, ముక్కుతో మట్టి నెట్టి కప్పింది. చిన్నకుక్క అంతా చూస్తూనే ఉంది. ఇది ఇటు తిరగ్గానే వెళ్లి తవ్వుకుని తినేసింది. కయోటీ వెనక్కొచ్చి ఖాళీ గుంట వాసన చూసి, కుక్కని చూసి, అక్కడే ఒంటికి పోసి వచ్చేసింది. పెద్దావిడకి నవ్వాగలేదు.

వచ్చేవారం హ్యాపీ జాక్ వైపు వెళ్దామంది. గుడ్లు ఎక్కువ ఉడకబెట్టాలి, ఆ రెయిన్‌కోటు ఇంట్లోనే వదిలెయ్యాలి.