దాపట, ఎలపట

నాలుగేళ్ళ కాలేజీ జ్ఞాపకాలు రెండు పేజీల్లో రాసిమ్మని కమిటీ వాళ్ళు ఫోన్ చేశారు. మెస్ సాంబారు గురించీ, ఆరో నంబరు బస్సు గురించీ లీడర్ ఎలాగూ రాస్తాడు. నాకు గుర్తున్నది 2015లో సిస్టమ్స్ ల్యాబ్‌లో గడిపిన మూడు వారాలు.

కిటికీ పక్క బల్ల మీద రెండు పాత కంప్యూటర్లు. సార్ వాటి మీద సుద్దముక్కతో, కాడికి కట్టే ఎద్దుల జతలా, దాపట, ఎలపట అని రాశారు. ఒకటి బండి లాగుతుంటే రెండోది కాడి కింద సిద్ధంగా ఉండాలి, ఏది పడిపోయినా వెబ్‌సైట్ ఆగకూడదు. అదీ మనకిచ్చిన పని. ఆపరేటింగ్ సిస్టమ్ సెంటాస్ 7, రెండు మెషిన్లూ మాట్లాడుకోడానికి కోరోసింక్, దేన్ని ఎక్కడ నడపాలో చూసుకోడానికి పేస్‌మేకర్. ముందు ఉమ్మడి డిస్క్ మౌంట్ అవ్వాలి, అంటే వాడకానికి అందాలి, తర్వాత ఐపీ అడ్రస్, ఆ తర్వాతే పేజీలు అందించే అపాచీ. ఆపేటప్పుడు ఇదే వరస వెనక నుంచి. మెషిన్ ఆన్ అవగానే అపాచీ దానంతటది లేచేలా పెట్టాడని, మనం పచ్చబొట్టు అని పిలిచేవాణ్ణి సార్ ఎంత కోప్పడ్డారో! దాన్ని లేపాల్సింది పేస్‌మేకర్.

దాపటని స్టాండ్‌బైలో పెట్టగానే కొన్ని సెకన్లలో పేజీ ఎలపట మీద లేచింది. చప్పట్లు కొట్టాం, దాపటని స్టాండ్‌బై నుంచి తీసేశాం. సార్ మాత్రం ఏమీ అనకుండా లేచి, రెంటి మధ్యా ఉన్న నీలం కేబుల్ పీకేశారు. డిస్క్‌కి వెళ్ళే కేబుల్ అలాగే ఉంది. ఒకదాని మాట ఒకదానికి అందక, రెండోది చచ్చిపోయిందని రెండూ అనుకున్నాయి. రెండూ అదే డిస్క్‌ని మౌంట్ చేసి రాయడం మొదలుపెట్టాయి. కాసేపటికి ఫైల్ సిస్టమ్ పాడైపోయింది.

తప్పు మనదే. ఫెన్సింగ్ (మాట అందని మెషిన్‌ని కరెంటు తీసి ఆపేయడం) లేకపోతే డిస్క్, ఐపీ, అపాచీ ఏవీ స్టార్ట్ కావట్లేదని, ఆ పని చూసే స్టోనిత్‌ని ఆఫ్ చేసేశాం. ఆ రోజు సార్ చెప్పింది నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "రాత్రి పూట కేక అందనంత దూరంలో ఇద్దరున్నారు. అవతలివాడు మడవ కట్టేసి ఉంటాడులే అనుకుని నువ్వు మడవ తీయకూడదు. వెళ్ళి చూసి రావాలి."

తర్వాతి వారం సార్ సొంత డబ్బుతో ఒక సెకండ్ హ్యాండ్ పవర్ స్విచ్ తెచ్చారు, నెట్‌వర్క్ నుంచే ఏ సాకెట్‌నైనా ఆపగలిగేది. ఒకదాన్నొకటి ఒకేసారి ఆపేసుకోకుండా, దాపటని ఆపే ఫెన్స్‌కి 10 సెకన్ల డిలే పెట్టించారు. మళ్ళీ నీలం కేబుల్ పీకారు. టక్‌మని చప్పుడైంది, ఎలపట ఫ్యాన్ ఆగిపోయింది. దాపట మీద పేజీ అలాగే ఉంది. ఈసారి చప్పట్లు కొట్టింది సార్.

ఫైనలియర్, ప్లేస్‌మెంట్లు, ఫేర్‌వెల్... ఫోటోలు చూస్తే గానీ గుర్తురావు.

ఇప్పుడు ఆసుపత్రి రిపోర్టులు చూపించే వెబ్‌సైట్‌ని నడిపే క్లస్టర్లు, అంటే ఇలాంటి మెషిన్ల జతలు, నా చేతిలో ఉన్నాయి. మొన్న వేసవిలో ఒక అర్ధరాత్రి ఒక జతలోని ఒక మెషిన్ మెమరీ పోయింది. రెండోది దాని కరెంటు తీసేసి, డిస్క్ తీసుకుని, పేజీని లేపింది. నాకు ఎవరూ ఫోన్ చేయలేదు. పొద్దున లాగ్ చూస్తేనే తెలిసింది. ఆ పది లైన్లూ సార్‌కి పంపించాను.

సాయంత్రం జవాబొచ్చింది: "డిలే ఎవరికి పెట్టావ్?"

"దాపటకే సార్" అని రాశాను.